గోడలో పాడేవాళ్లు

అక్టోబర్ 1, సోమవారం

ఇది స్పీకర్ల పుస్తకం. ఏటా అక్టోబరు ఆఖర్లో, పిల్లలు వేషాలు వేసుకుని చాక్లెట్ల కోసం ఇల్లిల్లూ తిరిగే ముష్టి రాత్రికి, మా ఇంటినీ గ్యారేజీనీ దయ్యాల ఇల్లుగా మారుస్తాం. ముందు పేజీల్లో ఏ పొదలో ఏ స్పీకరు పెట్టాలో, ఏ గదికి ఏ సంగీతమో రాసి ఉంటుంది. ఈ రోజు దీన్ని తిరగేసి వెనక నుంచి మొదలుపెడుతున్నాను. డ్వేన్ ముందు పేజీలే చూస్తాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఏ పుస్తకాన్నీ అతను వెనక నుంచి తెరవగా చూడలేదు.

తేదీ వేసి రాసుకుంటే ఏది జరిగిందో ఏది జరగలేదో తర్వాత తేల్చుకోవచ్చు. అందుకే రాస్తున్నాను. భయపడి మాత్రం కాదు.

పొద్దున పదకొండున్నరకి వంటింట్లో ఆపిల్ పళ్లు చెక్కు తీస్తుంటే ఆర్గన్ వినిపించింది. చర్చిలో వాయించే పెద్ద ఆర్గన్. నిదానంగా మూడు మెట్లు ఎక్కుతుంది, నాలుగో మెట్టు దగ్గర ఆగుతుంది, వెనక్కి దిగిపోతుంది. మళ్లీ మొదలు. పూర్తి చేయదు.

మన దయ్యాల ఇంటి సంగీతమే మోగుతోందనుకున్నాను. కంప్యూటర్ ఆపే ఉంది. బయటికెళ్లి చూశాను. పొదల్లో నాలుగు, సమాధి రాళ్ల వెనక మూడు, శవపేటికలో ఒకటి, చూరు కింద రెండు, గ్యారేజీలో ఒకటి. పదకొండు స్పీకర్ల తీగలూ ఊడదీసే ఉన్నాయి.

డ్వేన్ గ్యారేజీలో నురగ అట్టతో కొత్త సమాధి రాయి చెక్కుతున్నాడు. "ఆర్గన్ వినిపిస్తోందా?" అని అడిగాను.

"వినిపించకేం? సెప్టెంబర్ నుంచి పొద్దస్తమానం అదే కదా! తింటుంటే వినిపిస్తోంది, పడుకుంటే వినిపిస్తోంది. నా చెవులు నీకు రాసిచ్చేశానే తల్లీ!" అన్నాడు.

హమ్మయ్య అనుకున్నాను. అతనికీ వినిపిస్తోందన్నమాట.

అక్టోబర్ 2

నిన్న నేనడిగింది 'ఇప్పుడు వినిపిస్తోందా' అని. అతను చెప్పింది నెల్లాళ్ల సంగతి. రెండూ ఒకటి కావు.

మళ్లీ అడగాలంటే నోరు రావడం లేదు.

అక్టోబర్ 4

పని బాగానే సాగుతోంది. గ్యారేజీలో మూడు గదులు. మొదటి గదికి గాలి, ఈల. రెండో గదికి గాజు పాత్రల మోత, గంటలు. మూడోది పిచ్చామె గది. జనం బారులు తీరేది దానికోసమే.

కొత్తగా ఇల్లు అలంకరించేవాళ్లు అరుపులు, రంపాలు, గొలుసులు పెడతారు. ఓ పిల్లవాడు కెవ్వుమంటాడు, మరుక్షణం నవ్వేస్తాడు, అంతే. నా పద్ధతి వేరు. పాట పూర్తి కాకూడదు. పూర్తయితే మనిషి ఊపిరి పీల్చుకుంటాడు. పీల్చుకోనివ్వకూడదు. ముప్పై ఏళ్లు ఆదివారం ఆదివారం చర్చిలో ఆర్గన్ వాయించి, ప్రతి పాటనూ బుద్ధిగా పూర్తి చేశాను కనుక, ఎక్కడ ఆపితే ప్రాణం విలవిల్లాడుతుందో నాకు తెలుసు.

గంటలు మాత్రం ఈ ఏడాది లొంగడం లేదు. ఎంత పెంచినా గోనెసంచి కింద మోగుతున్నట్టుంది. ముందు పేజీల్లో చూస్తే నాలుగేళ్ల కిందట గంటల శబ్దం నాలుగు మీద పెట్టుకున్నాను, పోయినేడు ఏడు మీద, ఇప్పుడు తొమ్మిది. ఈ కాలం స్పీకర్లన్నీ చవకబారు సరుకు.

సాయంత్రం పక్కింటి కెండ్రా వచ్చింది. "ఏమనుకోకండి మార్లిస్ గారూ, ఆ గంటలు కాస్త... మా కుక్క సోఫా కింద దూరి రానంటోంది. మా ఆయన పళ్లు జివ్వుమంటున్నాయట" అంది.

"భయపెట్టే సంగీతం మరి! జోలపాట కాదు కదా!" అన్నాను.

ఇంకేదో గొణిగి వెళ్లిపోయింది. ఈ రోజుల్లో ఎవరూ నోరు విప్పి మాట్లాడరు. అందరూ నోట్లో గోళీలు పెట్టుకున్నట్టే. వీళ్లకి సంగీతం గురించి చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే.

అక్టోబర్ 6

కిరాణా దుకాణం ముందు, కారులో. ఇంజను ఆపగానే ఆర్గన్.

అక్కడ నా స్పీకర్లు లేవు.

అక్టోబర్ 7, ఆదివారం

కొత్త పాస్టరు ప్రసంగం ఒక్క ముక్క అర్థం కాలేదు. గడ్డం అడ్డు.

అమ్మ సంగతి రాయాలి. రాయకుండా ఎన్నాళ్లు తప్పించుకుంటాను?

1979. నాకు ఇరవై నాలుగు. నాన్న పోయి రెండేళ్లు. అమ్మకి అరవై. ఓ రోజు వంటింటి గోడకి చెవి ఆనించి నిలబడి ఉంది. "మార్లిస్, గోడలో మగవాళ్లు పాడుతున్నారే. నార్వే మాటలు. మా నాన్న వాళ్ల చర్చిలో పాడినట్టు. నీకూ వినిపిస్తోందా?" అంది. నాకేం వినిపించలేదు. తర్వాత పగలూ రాత్రీ అదే మాట. ఒకసారి సుత్తి తెచ్చి గోడ పగలగొట్టబోయింది. డాక్టరు వచ్చాడు, ప్రశ్నలు అడిగాడు. ఒకటడిగితే ఇంకొకటి చెప్పింది. మతి తప్పినవాళ్ల పెద్దాసుపత్రి అన్నారు. కాగితం నా ముందు పెట్టారు. ఇంట్లో పెద్దదాన్ని నేనొక్కదాన్నే. సంతకం పెట్టాను.

తొమ్మిదేళ్లు అక్కడే ఉంది. అక్కడే పోయింది.

అమ్మ లక్షణాలు ఇక్కడ రాసిపెడతాను. నాకు ఏవి ఉన్నాయో ఏవి లేవో నిజాయితీగా చూసుకోవచ్చు.

గోడలో పాట. వెనక నుంచి ఎంత పిలిచినా తిరిగి చూడకపోవడం (మొండితనం). మాట్లాడేవాళ్ల కళ్లల్లోకి కాకుండా మూతి వంకే చూడటం. నవ్వకూడని చోట నవ్వడం. రేడియో చెవులు పగిలేలా పెట్టడం. అడిగినదానికి సంబంధం లేని జవాబు. అందరూ తన గురించి గుసగుసలాడుతున్నారని అనుమానం.

నాకు వీటిలో ఒక్కటీ లేదు. పాట తప్ప.

అక్టోబర్ 8

నిన్న రాసింది అనవసరం. చింపేద్దామనుకున్నాను. పేజీకి అటువైపు శవపేటిక స్పీకరు లెక్కలున్నాయి. ఉండనీ.

అక్టోబర్ 9

పిచ్చామె గది మొదలుపెట్టాం. ఏటా అదే ఏర్పాటు. తెల్లగోడ, గోడకి చెవి ఆనించి నిలబడ్డ ముసలి బొమ్మ, వెనక నుంచి నవ్వు. నవ్వు నాదే, నెమ్మదిగా తిప్పి రికార్డు చేశాను. బొమ్మకి తొడిగేది నీలం పువ్వుల ఫ్లానెల్ గౌను. అమ్మ పోయినప్పుడు ఆసుపత్రివాళ్లు కాగితం సంచిలో పెట్టి ఇచ్చారు. మంచి గుడ్డ, ఎందుకు పారేయాలి? డ్వేన్ మొదటేడు ఒకసారి "ఇది తొడగాలా మార్లిస్?" అని అడిగాడు. "గుడ్డ గుడ్డే" అన్నాను. మళ్లీ అడగలేదు.

ఈ రోజు గౌను తొడిగి, గుండీలు పెట్టకుండానే ఇంట్లోకి వచ్చేశాను. గ్యారేజీ చలి.

అక్టోబర్ 12

పరీక్షలు పెట్టుకున్నాను.

ఇంట్లో గిన్నెలు కడిగే యంత్రం తిరుగుతుంటే ఆర్గన్ ఉండదు. ఆగితే వస్తుంది. తొట్టిలో నీళ్లు నింపి తల ముంచాను. నీళ్లలో ఇంకా గట్టిగా వినిపించింది! పుర్రె లోపల ఎవరో కూర్చుని వాయిస్తున్నట్టే. ఊపిరాడక లేచి, తొట్టి అంచు పట్టుకుని, పట్టపగలు రెండింటికి, తడిజుట్టుతో ఏడ్చాను. నాకు భయంగా ఉంది. రాసేశాను, సరే. నాకు చచ్చేంత భయంగా ఉంది.

నిశ్శబ్దం ఎక్కడుంటే అక్కడ అది ఉంది. కాబట్టి ఇంట్లో నిశ్శబ్దం ఉండకూడదు. పొద్దున్నుంచి ఫ్యాను, టీవీ, గిన్నెల యంత్రం, కంప్యూటరులో నా సంగీతం, అన్నీ ఒకేసారి పెట్టాను.

డ్వేన్ వచ్చి ఒక్కొక్కటే ఆపుతూ వెళ్లాడు. "ఏమైందే నీకు? ఇది ఇల్లా రైలు స్టేషనా?" అన్నాడు.

"ఏం కాలేదు."

"ఏం కాకపోతే ఖాళీ గిన్నెల యంత్రం ఎందుకు తిప్పుతున్నావు?"

యంత్రం తలుపు తీసి ఖాళీ అరలు సర్దాను. ముప్పై ఏళ్లు నేను ప్రతిదీ చెప్పుకున్న మనిషి ఎదురుగా నిలబడితే, నా బుర్రలో ఉన్నది ఒకటే ఆలోచన. సంతకం పెట్టాల్సి వస్తే పెట్టేది ఇతనే.

అక్టోబర్ 13

గ్యారేజీ వెనక డ్వేన్ ఫోనులో మాట్లాడుతున్నాడు. నేను మూల తిరగగానే పెట్టేశాడు. "ఎవరు?" అంటే "తప్పు నంబరు" అన్నాడు. తప్పు నంబరుతో అయిదు నిమిషాలు మాట్లాడతారా?

అక్టోబర్ 16

పక్కింటి బ్రిన్లీ వచ్చింది. తొమ్మిదేళ్ల గడుగ్గాయి. ముష్టి రాత్రి ముప్పయ్యో తారీఖు కదా, ముందుగా జోక్ వినిపించి పోదామని వచ్చింది. వేరే ఊళ్లలో పిల్లలు ఊరికే సంచి చాపుతారట. మా డెమాయిన్‌లో జోక్ చెప్పందే చాక్లెట్ చేతిలో పడదు. మా అమ్మ కాలం నుంచీ అంతే.

అది మెట్ల మీద కూర్చుని, చాక్లెట్ నములుతూ, ఏదో చెప్పింది. నేను పకపకా నవ్వాను.

అది నా మొహం వంక చూసి, "మామ్మా, నేనింకా జోక్ చెప్పలేదు. కుక్కకి బాలేదని చెప్పాను" అంది.

"అవునా? నువ్వు చెప్పిన తీరుకి నవ్వొచ్చింది."

"పోయినేడూ అంతే చేశావు. మా బళ్లో అందరికీ తెలుసు. మార్లిస్ మామ్మ ఇంటి దగ్గర జోక్ చెప్పక్కర్లేదు, ఊరికే పెదాలు ఆడిస్తే చాలు, నవ్వేసి రెండు చాక్లెట్లు ఇస్తుంది అని. కోల్టన్‌గాడు మూడేళ్ల నుంచీ పెదాలే ఆడిస్తున్నాడు."

ఇంకో చాక్లెట్ దాని చేతిలో పెట్టాను. దాన్ని పంపేసి ఏడో తారీఖు పేజీ తీశాను. తీయకుండా ఉండాల్సింది.

నవ్వకూడని చోట నవ్వడం.

అక్టోబర్ 17

సంగీతం హోరులో ఎవరికి మాత్రం జోకులు వినిపిస్తాయి? ఈ మాట నిన్ననే దానికి చెప్పాల్సింది.

నిన్న సంగీతం ఆపే ఉంది. తెలుసు.

అక్టోబర్ 19

డ్వేన్ కోటు జేబులో చీటీ దొరికింది. ఉతకడానికి తీశాను. వెతకలేదు. (వెతికాను.) ఓ డాక్టరు పేరు, నా పేరు. ఇరవై అయిదో తారీఖు, గురువారం, పదిన్నర.

అయిపోయింది. అమ్మకి గురువారమే డాక్టరొచ్చాడు.

అక్టోబర్ 20

జవాబులు బట్టీ పడుతున్నాను. ఈ రోజు శనివారం. నెల అక్టోబరు. అధ్యక్షుడి పేరు. వందలోంచి ఏడేసి తీసేస్తూ వెళితే తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది. అమ్మకి ఇవన్నీ వచ్చు. దుకాణంలో లెక్కలు నోటితో వేసేది. అయినా ఆ రోజు డాక్టరు "ఇది ఏ నెలండీ?" అంటే అమ్మ "ఆయన పోయి రెండేళ్లయింది" అంది. డాక్టరు తల వంచుకుని రాసుకుంటూనే ఇంకోటి అడిగాడు. "కాఫీ పెట్టమంటారా?" అంది. అతను నా వంక చూశాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

నేను అలా చెప్పకూడదు. అడిగింది పూర్తిగా విని, మూతి వంక చూడకుండా, కళ్లల్లోకి చూసి జవాబు చెప్పాలి.

మూతి చూడకపోతే మాటే తెలియడం లేదు. టీవీలో వార్తలు పెట్టి ప్రయత్నించాను.

అక్టోబర్ 22

పిచ్చామె గదిలోకి వెళ్లలేకపోతున్నాను. స్పీకరు సరిచేయాలి. గడప దగ్గర నుంచే బొమ్మ వీపు కనిపిస్తుంది. నీలం పువ్వులు. నిన్న కాస్త కుడికి వంగి ఉంది, ఈ రోజు తిన్నగా ఉంది. డ్వేన్ సర్ది ఉంటాడు. అడగను.

అక్టోబర్ 24

వెళ్లను.

వెళ్లకపోతే ఇంటికొస్తారు. అమ్మకి అలాగే వచ్చారు.

పొద్దున భోజనాల బల్ల మీద డ్వేన్ ఆ చీటీ పెట్టి, "మార్లిస్, రేపు నాతో రా. ఏం అడక్కు, అరవకు. వచ్చాక నన్ను ఎంత తిట్టినా సరే" అన్నాడు. చీటీని అరచేత్తో నున్నగా రుద్దుతూనే ఉన్నాడు. నేను అడగలేదు, అరవలేదు. సంచిలో లోబట్టలు, పళ్లు తోముకునే బ్రష్షు, దువ్వెన సర్దుకున్నాను. అమ్మని తీసుకెళ్లినప్పుడు దువ్వెన మర్చిపోయాం.

అక్టోబర్ 25, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మూడో అంతస్తు. ఓ పడుచు అమ్మాయి, పేరు ప్రిసిల్లా, నవ్వుతూ చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. గది లోపల ఇంకో గది. దాని తలుపు బరువుగా, జానెడు మందం. గోడలన్నీ మెత్తలు. మెత్తటి గోడల గది! తలుపు చట్టం పట్టుకుని "డ్వేన్! డ్వేన్!" అని అరిచాను. నన్ను పెట్టకండి, నేను ఎవరినీ ఏమీ చేయలేదు, సుత్తి ముట్టుకోలేదు అన్నాను. ఇంకేం అన్నానో గుర్తులేదు.

డ్వేన్ పరిగెత్తుకొచ్చాడు. "ఏం పెట్టడమే? ఇది చెవుల పరీక్ష!"

"చెవులా?"

"చెవులే! నాలుగేళ్ల నుంచి నీకు వినపడటం లేదు మార్లిస్. చెబితే నా తల తీసేస్తావని ఊరుకున్నా. మొన్న బ్రిన్లీ వచ్చి నాతోనూ చెప్పింది. అప్పటికే ఫోన్లు చేస్తున్నా, ఈ తారీఖు దొరికింది."

నేను సంచి ఒళ్లో పెట్టుకుని ఆ మెత్తటి గదిలో కూర్చున్నాను. చెవులకి హెడ్‌ఫోన్లు తొడిగారు. శబ్దం వినిపిస్తే మీట నొక్కమన్నారు. చాలాసేపు ఏమీ రాలేదు. ఆర్గన్ మాత్రం మూడు మెట్లు ఎక్కి నాలుగో మెట్టు దగ్గర ఆగి దిగుతూనే ఉంది. అద్దం అవతల ప్రిసిల్లా వేళ్లు ఆగకుండా మీటలు నొక్కుతూనే ఉన్నాయి. అప్పుడు తెలిసింది. శబ్దాలు వస్తూనే ఉన్నాయి.

బయటికొచ్చాక కాగితం మీద గీత చూపించింది. గీత ఎడమవైపు, బొంగురు శబ్దాల దగ్గర, బాగానే ఉంది, కుడివైపు, సన్నని శబ్దాల దగ్గర, కొండ మీంచి రాయి దొర్లినట్టు పడిపోయింది. గంటలు, పిట్టలు, చిన్నపిల్లల గొంతులు, అన్నీ ఆ పడిపోయిన చోటే ఉంటాయట. తర్వాత ప్రిసిల్లా నా ఎదురుగా కూర్చుని, మెల్లగా, స్పష్టంగా, "ఇంకో మాట అడుగుతాను. ఎవరూ వాయించని సంగీతం ఏమైనా వినిపిస్తోందాండీ?" అంది.

నేను డ్వేన్ వంక చూశాను. చెప్పేశాను. మొత్తం.

"అదేం పిచ్చి కాదండీ," అంది. "చెవి సరిగ్గా పనిచేయకపోతే బుర్ర ఊరుకోదు. ఖాళీగా కూర్చోలేక దానికి తెలిసిన పాటేదో అదే వాయించుకుంటుంది. చాలామందికి ఉంటుంది, చెబితే పిచ్చి అంటారని ఎవరూ చెప్పరు. మీరు ఆర్గన్ వాయించారు కదా, మీకు ఆర్గన్."

నేను చెవిటిదాన్ని! ఉత్త చెవిటిదాన్ని! ఆ పిల్లని కావలించుకుని ముద్దు పెట్టాను. చెవుడొచ్చిందంటే ఇంత సంబరపడ్డ మనిషిని తను చూడలేదంది. కారు దగ్గర డ్వేన్‌ని వీపు మీద నాలుగు బాదాను, తర్వాత ఏడ్చాను. తను ఏడుస్తూ "కొట్టు, ఇంకా కొట్టు" అన్నాడు. దారిలో ఆగి పెద్ద పళ్లెమంత పంది మాంసం బజ్జీ బన్నులో పెట్టి ఇస్తే ఇద్దరం చెరొకటి తిన్నాం. లోబట్టల సంచి వెనక సీట్లో ఉంది.

లేచి వచ్చేటప్పుడు ప్రిసిల్లా ఇంకోటి కూడా అడిగింది. "ఇది వంశంలో ఉంటుంది. మీ అమ్మగారికీ, నాన్నగారికీ చెవుడు ఉండేదా?"

"లేదు" అన్నాను.

అక్టోబర్ 26

లేదు అన్నాను.

అక్టోబర్ 27, శనివారం

ఏడో తారీఖు పేజీ పొద్దున్నుంచి పదిసార్లు చదివాను. అది పిచ్చి లక్షణాల పట్టీ కాదు. ప్రిసిల్లా ఇచ్చిన కాగితం వెనక అచ్చు అవే ఉన్నాయి. వెనక నుంచి పిలిస్తే పలకరు. మూతి చూస్తారు. గట్టిగా పెడతారు. ఒకటడిగితే ఒకటి చెబుతారు. అందరూ గుసగుసలాడుతున్నారనుకుంటారు.

అమ్మకి వినపడలేదు. అంతే. ఇంకేం లేదు. డాక్టరు తల వంచుకుని అడిగాడు, అతని మూతి కనబడక ఏదో ఊహించి చెప్పింది. ఇంటికి వచ్చినవాళ్లు కాఫీయే కదా అడుగుతారు అనుకుంది.

తీసుకెళ్లే రోజు కారు ఎక్కుతూ నన్ను అడిగింది, "మార్లిస్, నీకు నిజంగా వినిపించడం లేదా?" అని. నేను ఏడుస్తున్నాను, అమ్మ చూడకూడదని మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను. తిప్పుకుని, "డాక్టరు నయం చేస్తాడమ్మా, పది రోజుల్లో తీసుకొచ్చేస్తా, నేనే వచ్చి తీసుకొస్తా" అన్నాను. కిటికీకి చెప్పాను. అమ్మకి ఒక్క ముక్కా చేరలేదు.

తొమ్మిదేళ్లలో ఎప్పుడు చూడటానికి వెళ్లినా నర్సుతో ఒకే మాట అనేది: "మా అమ్మాయి నాతో మాట్లాడటం మానేసింది." నేను పక్కనే ఉండి మాట్లాడుతూనే ఉండేదాన్ని. తల వంచుకుని. ఆవిడ చేతులు చూస్తూ.

ఇన్నాళ్లూ నాకు అమ్మలా అవుతానేమోనని భయం. ఇప్పుడు అంతకన్నా పెద్ద భయం. ఆ తొమ్మిదేళ్లు ఆవిడ రోజూ ఏమనుకుని ఉంటుంది?

అక్టోబర్ 28, ఆదివారం

నిన్న సాయంత్రమే చెవిలో పెట్టుకునే యంత్రాలు వాడి చూడమని ఇచ్చారు. కాగితం తిప్పితే మోత. నా చెప్పులకి చప్పుడుందని మర్చిపోయాను. కంప్యూటరులో నా సంగీతం పెట్టాను. గంటలు కత్తులు! ఒక్కక్షణం ఉండలేక చెవుల్లోంచి లాగేశాను. నాలుగేళ్ల నుంచి ఈ వీధి మొత్తానికి ఇదా వినిపించింది? కెండ్రా ఇంటికెళ్లి కుక్కకి కూడా క్షమాపణ చెప్పి వచ్చాను.

ఆర్గన్ తగ్గింది. దూరంగా, పక్క వీధి చర్చిలోలా ఉంది.

అక్టోబర్ 29

పిచ్చామె గది పీకేశాను.

డ్వేన్ నెత్తి పట్టుకున్నాడు. "రేపే కదే ముష్టి రాత్రి! ఇరవై రెండేళ్ల నుంచి జనం వచ్చేదే దానికోసం. ఖాళీ గదిలో ఏం చూపిస్తాం?"

"గోడ."

"గోడా?"

"అందులో నుంచి నవ్వు తీసేస్తాను. మగవాళ్ల పాట పెడతాను. పదిమంది, ముతక గొంతులు, నార్వే మాటలు, చలికాలం చర్చిలో పాడినట్టు. అతి మెల్లగా. గోడకి చెవి ఆనిస్తే తప్ప వినపడకూడదు."

అతను బొమ్మ వైపు చూశాడు, నా వైపు చూశాడు. వెళ్లి స్క్రూడ్రైవరు తెచ్చి, స్పీకరుని గోడ లోపలికి బిగించాడు. గౌను నేనే విప్పాను. గోరువెచ్చని నీళ్లలో చేత్తో ఉతికి, వెనక పెరట్లో ఆరేశాను. ఇరవై రెండేళ్ల దుమ్ము దాన్లో నుంచి నల్లగా దిగింది.

పాటకి ఆఖరి వరస వాయించాను. పూర్తి చేశాను. ఇలాంటి సంగీతంలో చేయకూడని పని అది.

అక్టోబర్ 30, మంగళవారం

ఆరు నుంచి ఎనిమిది వరకూ రెండు వందల పదహారు మంది పిల్లలు. మూడో గదిలో గోడ పక్కన కుర్చీ వేసుకుని, ఉతికిన గౌను ఒళ్లో మడిచి పెట్టుకుని, నేనే కూర్చున్నాను. ఎవరూ కేకలు పెట్టలేదు. గుంపుగా నవ్వుతూ వచ్చినవాళ్లు ఆ గదిలోకి రాగానే మాట ఆపేశారు. ఏమీ లేదే అని వెతికారు. ఎవడో ఒకడు గోడకి చెవి పెట్టాడు. తర్వాత అందరూ పెట్టారు. పెద్దవాళ్లు కూడా. ఒకావిడ చాలాసేపు అలాగే ఉండిపోయింది. వెళ్తూ వెళ్తూ కళ్లు తుడుచుకుంది.

కోల్టన్‌గాడు వచ్చి పెదాలు ఆడించాడు. "గొంతు పెట్టి చెప్పరా దొంగా!" అన్నాను. వాడి మొహం చూడాలి!

ఎనిమిదవుతుండగా బ్రిన్లీ దుప్పటి కప్పుకుని వచ్చింది. "మామ్మా, దయ్యానికి జలుబు చేస్తే ఏం చేస్తుంది?"

"ఏం చేస్తుంది?"

"ఒంటి మీదున్న దుప్పటికే ముక్కు తుడుచుకుంటుంది!"

ఆఖరి మాట దాకా ఆగి నవ్వాను. అది నా వంక అనుమానంగా చూసి, ఈసారి విన్నావులే అన్నట్టు తల ఊపింది. రెండు చాక్లెట్లు ఇచ్చాను.

వెళ్లబోతూ దుప్పటి పైకెత్తి గోడకి చెవి ఆనించింది. కళ్లు పెద్దవి చేసుకుని విన్నది. తర్వాత అక్కడ నుంచే నన్ను అడిగింది.

"లోపల ఎవరో పాడుతున్నారు మామ్మా. నీకూ వినిపిస్తోందా?"

ఏడుపొచ్చింది. కిటికీ వైపు తిరగబోయాను. తిరగలేదు. కుర్చీ దాని ముందుకి జరుపుకుని, పెదాలు బాగా కనబడేట్టు మొహంలో మొహం పెట్టి, "వినిపిస్తోంది" అన్నాను.